హెడ్డు పగిలిన తప్పు ఎవరిది?

ఒక డ్రైవరు జీతములో నెలకు 2,000 రూపాయల చొప్పున 15 నెలలు కోత పెట్టుట న్యాయమా, కాదా? ఈ మాసము మేము వ్రాయదలచిన సంగతి ఇదియే. చిన్న సంగతివలె కనబడును గాని, దీనిని తేల్చుటకు మాకు ఒక మెకానిక్కు షెడ్డులో మూడు దినములు కూర్చుండవలసి వచ్చెను.

మా సంఘ పెద్దలలో ఒకరికి పాత డీజిలు పికప్పు బండి కలదు. మిరపకాయ బస్తాలు యార్డుకు మోయునది అదే. మా సువార్త సభలకు షామియానాలు, బల్లలు మోయునదియు అదే. మొన్నటి వేసవిలో సభలనాటి సాయంకాలము అది దారిలో ఉడికి ఆగిపోయెను. కొత్త హెడ్డుకు, గ్యాస్కెట్టుకు, నూనెకు, కూలికి కలిపి 30,000 రూపాయలు అగునని తేలెను. బండి నడిపిన కుఱ్ఱవానికి ఇరువది రెండేండ్లు. "ముల్లు చూడకుండా తోలినాడు, వాడే కట్టుకోవాలి" అని ఆసామి తీర్పు చెప్పెను. ఆ పిల్లవాని తల్లి మా యింటికి వచ్చి, "మీరొక మాట చెప్పండి అయ్యగారూ" అని అడిగినప్పుడు మేము ఏమంటిమో వ్రాయుటకు ఇప్పుడు సిగ్గగుచున్నది. "నమ్మకముగా పని చేయవలెను గదమ్మా" అంటిమి. ఆమె మారు మాటాడక కొంగు సవరించుకొని వెళ్లిపోయెను.

మరునాడు హెడ్డు దించుదురని తెలిసి షెడ్డుకు వెళ్లితిమి. మేస్త్రీ మా సంఘమువాడు కాడు, మంచి పనివాడు. మొదట రేడియేటరులోని నీరు దింపి, గొట్టములు ఊడదీసి, నాజిళ్లు తీసి, హెడ్డు బోల్టులను బయటి అంచులనుండి మధ్యకు కొంచెము కొంచెముగా వదులు చేసెను. ఒక్కసారిగా ఒక ప్రక్క విప్పిన హెడ్డు వంగునట. తీసిన ప్రతి కడ్డీని, ప్రతి బోల్టును వరుస తప్పకుండ అట్టముక్కకు గ్రుచ్చి పెట్టెను. అంత పద్ధతి మా సంఘ లెక్కల పుస్తకములో కూడ లేదు.

హెడ్డు అనునది సిలిండర్లకు మూత. లోపల ఇంధనము మండునప్పుడు ఆ వేడి క్షణకాలము 2,000 డిగ్రీలు దాటును. హెడ్డు చేసిన అల్యూమినియమో 660 డిగ్రీలకే కరగును. దానిని కాపాడునది దాని కడుపులోని సన్నని దారులలో తిరుగు నీరు ఒక్కటే. ఇంకొక చిక్కు. క్రింది బ్లాకు పోత ఇనుము. మీటరు పొడవుగల అల్యూమినియపు కడ్డీ 100 డిగ్రీల వేడికి సుమారు 2.3 మిల్లీమీటర్లు సాగును. పోత ఇనుము 1.1 మాత్రమే సాగును. ఈ రెండింటిని బోల్టులతో బిగించి, మధ్య పలుచని గ్యాస్కెట్టు పెట్టి, నిప్పును నీటిని నూనెను ఒకదానితో ఒకటి కలియకుండ ఆపవలెను. వేడి హద్దు దాటెనా, సాగుటకు చోటులేని హెడ్డు వంగును, లేదా పగులును.

మేస్త్రీ హెడ్డును తిరుగవేసి, ఉక్కు స్కేలు అడ్డముగా పెట్టి, క్రింద ఫీలరు గేజి రేకును జొనిపెను. 0.25 మిల్లీమీటరు రేకు దూరెను. పెక్కు ఇంజన్లకు 0.10, మహా అయితే 0.15 దాటరాదట. వంపు మాత్రమే అయిన యెడల లేతు షాపులో ఫేసింగు కొట్టించి మరల వాడవచ్చును. అయితే మూడవ సిలిండరు పైన, రెండు వాల్వుల మధ్య వెండ్రుకవంటి గీత యుండెను. నీటి దారులు మూసి, గాలి పట్టించి, హెడ్డును నీటిలో ముంచగా ఆ గీతనుండి బుడగలు వచ్చెను. ఇక మార్చుట తప్పలేదు.

ఆ తరువాత అతడు మమ్మును పిలిచి నీటి దారులలో టార్చి వెలుగు వేసి చూపెను. చిటికెన వ్రేలు పట్టవలసిన దారులలో పెన్సిలు దూరుట లేదు. మా ఊరి బోరునీరు కాచిన గిన్నె అడుగున ఏ తెల్లని గార పట్టునో, అదే గార. ఇది ఒక వేసవిలో పట్టినది కాదు. ఏండ్ల తరబడి కూలెంటు మానుకొని బోరునీరే పోసిరి. థర్మోస్టాటు ఉండవలసిన చోటు ఖాళీగా నుండెను. దానిని తీసివేసిన ఇంజను చల్లగా నుండునని మన షెడ్డులలో ఒక నమ్మకము కలదు. కొన్ని ఇంజన్లలో అది తీసివేయగా నీరు రేడియేటరుకు పోకుండ ప్రక్కదారినే తిరిగి, బరువు లాగునప్పుడు మరింత కాగునట. రేడియేటరు మూత రబ్బరు ఎండి చీలియుండెను. మంచి మూత ఒత్తిడి నిలిపినచో నీరు సుమారు 118 డిగ్రీల వరకు మరుగదు. చెడిన మూత క్రింద 100కే మరిగి బయటికి పోవును.

"రెండేండ్ల క్రిందటే ఆసామికి చెప్పినానండి, అన్నీ మార్పించమని. వచ్చే పంటకు చూద్దామన్నారు" అని మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకొనుచు చెప్పెను.

ఈ మాట వినగానే మాకు నిర్గమకాండము 21వ అధ్యాయము, 28, 29 వచనములు జ్ఞప్తికి వచ్చెను. ఎద్దు మనుష్యుని పొడిచి చంపిన యెడల ఎద్దుకే శిక్ష, యజమానుడు నిర్దోషి. అయితే అది పొడుచు ఎద్దని అతనికి ముందే తెలియజేసినను కట్టివేయని యెడల నేరము యజమానునిదే. మోషే ధర్మశాస్త్రము ఇక్కడ అడుగుచున్న ప్రశ్న చివరకు త్రాడు ఎవరి చేతిలో నుండెననునది కాదు. ఎవరికి తెలియును, తెలిసి ఏమి చేసిరి అనునది. ద్వితీయోపదేశకాండము 22:8లోని పిట్టగోడ ఆజ్ఞయు అట్టిదే. మిద్దెమీదనుండి జారిపడినవాని అజాగ్రత్తను గూర్చి అక్కడ విచారణ లేదు. ఇల్లు కట్టినవానినే ధర్మశాస్త్రము అడుగుచున్నది.

ఇంతవరకు వ్రాసి, ఆసామిని దోషిగా నిలిపి, కలము మూయుట మాకు సులభమే. కాని ఆ సాయంకాలము ఆ బండిలో డ్రైవరు ప్రక్కన కూర్చున్నవారము మేమే.

బస్తీనుండి బల్లలతో వచ్చుచుంటిమి. ప్రసంగీకులు అప్పటికే వచ్చి కూర్చున్నారని రెండుసార్లు ఫోను వచ్చెను. "అయ్యగారూ, ముల్లు పైకి పోతోంది, కాసేపు ఆపుదామా?" అని పిల్లవాడు అడిగెను. "ఇంక ఆరు కిలోమీటర్లే గదా నాయనా, మెల్లగా పోనీ" అంటిమి. కొంతదూరము పోయిన తరువాత ముల్లు దానంతట అదే దిగెను. "చూచితివా, తగ్గినది" అని కూడ అంటిమి. నీరంతయు మరిగిపోయి, వేడి కొలుచు సెన్సారు నీటిలో గాక వట్టి ఆవిరిలో నున్నప్పుడు ముల్లు అట్లే దిగునని మేస్త్రీ చెప్పువరకు మాకు తెలియదు. దిగిన ముల్లును చూచి మేము దేవునికి స్తోత్రము చెప్పుకొంటిమి.

ఆ పిల్లవాడు ఈ మాట ఆసామికి చెప్పలేదు. తల్లికి కూడ చెప్పలేదు.

అట్లని అతనికి ఏ బాధ్యతయు లేదనుట న్యాయము కాదని మా తలంపు. స్టీరింగు అతని చేతిలో, బ్రేకు అతని కాలిక్రింద నుండెను. ఆపగలిగినవాడు అతడొక్కడే. అయితే ఆపగలిగియుండుట వేరు, ఆపుటకు సెలవు కలిగియుండుట వేరు. పాదిరి పోనిమ్మన్నప్పుడు, ఆలస్యమైనచో ఆసామి తిట్టునని తెలిసినప్పుడు, నెల జీతముమీద ఇల్లు గడుపుకొను పిల్లవానికి ఆ సెలవు ఎంత యుండెను? లోకము ఏ పని చెడినను చివరిగా ముట్టిన చేతిని వెదకి పట్టుకొనును. ఆ చేయి కంటికి కనబడును; దాని వెనుక ఏండ్లతరబడి పేరిన గార హెడ్డు దించినగాని కనబడదు. పైగా చివరి చేయి సాధారణముగా బీదవాని చేయియై యుండును.

రెండవ దినమున ఆసామిని, తల్లిని, పిల్లవానిని షెడ్డులోనే కూర్చుండబెట్టి, మా మాట దాచక చెప్పితిమి. చెప్పి, అలవాటు చొప్పున, "ఇది మనందరి తప్పు, ప్రార్థించుకొని సమాధానపడుదము" అంటిమి. అప్పుడు ఆ తల్లి, "అందరి తప్పయితే కోత ఒక్కడికేనా అయ్యగారూ?" అనెను. సెమినారీలో చదివిన దినములలో పాపమును గూర్చి పెద్ద పుస్తకములు చదివితిమి. ఆమె అడిగిన ప్రశ్నకు ఆ దినమున మా నోట జవాబు రాలేదు. అందరిదన్న తప్పులో ఎవరి పాలు ఎంతో రూపాయలలో లెక్కింపకున్న, అది ఎవరిదియు కాకుండ పోవును; పోయి, మరల ఆ పిల్లవాని మీదనే పడును.

కావున లెక్కించితిమి. 6,000 మేము ఇచ్చుకొందుమంటిమి. నెలకు వెయ్యి చొప్పున ఇచ్చుచున్నాము. పిల్లవాడు తానుగా, "రెండు వేలు నాది, ఆపి ఉండాల్సింది" అనెను. మిగిలినది ఆసామిది. ఆయన చాలసేపు నేలచూపు చూచి, ఇకమీదట కోయనని ఒప్పుకొనెను. అప్పటికే కోసిన 4,000లో రెండువేలు తిరిగి ఇచ్చు మాట మాత్రము ఇంకను తేల్చలేదు. పంట చేతికి రానిమ్మనుచున్నారు.

మూడవ దినమున కొత్త హెడ్డు ఎక్కించిరి. బోల్టు రంధ్రములలో నూనెగాని నీరుగాని నిలిచియున్న యెడల, బిగించునప్పుడు పోవుటకు దారిలేక బ్లాకునే పగులగొట్టునని, మేస్త్రీ ఒక్కొక్కదానిలోనికి గాలి కొట్టి శుభ్రపరచెను. కొత్త గ్యాస్కెట్టు పరచి, టార్కు రెంచితో మధ్య బోల్టులనుండి బయటికి, ఒక్క చుట్టులో గాక మూడు చుట్టులలో బిగించెను. బరువు ఒకే బోల్టుమీద పడరాదట. దీనిలో ఒక ప్రసంగమున్నదని మాకు తోచెను గాని, అతని పని చెడునని ఊరకుంటిమి. థర్మోస్టాటు, మూత, కూలెంటు అన్నియు కొత్తవి వేయించిరి. రేడియేటరును కడిగించగా వచ్చిన గార అరబకెట్టు.

గత మాసము మరల అదే బండిలో, అదే దారిన, ఒక పెండ్లి ఆరాధనకు పోవుచుంటిమి. ముల్లు కొంచెము కదలెను. పిల్లవాడు మమ్మును అడుగలేదు. బండిని వేపచెట్టు నీడకు తీసి, ఇంజను ఆపి, దిగెను. గొట్టము క్లిప్పు వదులై నీరు చిమ్ముచుండెను. చల్లారువరకు మూత తీయరాదు గనుక అరగంట ఆగవలసి వచ్చెను. పెండ్లివారు ఫోను చేయగా, ఆలస్యమగునని మేమే చెప్పితిమి.