లెక్క సరిపోయినది; న్యాయము సరిపోయినదా?



గోపురము కట్టదలచినవాడు పునాది వేయకముందే తన చేతిలోని ధనము చాలునో చాలదో చూచుకొనునని లూకా సువార్త 14వ అధ్యాయములో మన ప్రభువు ఒక ఉపమానము చెప్పెను. దానిని శిష్యత్వమునకు అన్వయించిన ప్రసంగములు మనమనేకము వినియున్నాము. కాని నిజముగా గోడలు కట్టించు మనిషి సంగతి, అనగా సిమెంటు, ఇనుము, ఇసుక, కూలి, లెక్క అను వాటితో ప్రతిదినము పెనుగులాడువాని సంగతి, మన పుటలలో అరుదుగా కనబడును. ఈ నెల అతనిని గూర్చి ఆలోచింతము.

రాయవరము, మండపేట, రామచంద్రపురము మొదలుకొని అమలాపురము వరకు గల ఈ గోదావరి డెల్టాలో చిన్న కాంట్రాక్టర్లు చాలమంది కలరు. కొందరు ఇండ్లు కట్టుదురు. కొందరు సిమెంటు రోడ్లు, మురుగు కాలువలు, పాఠశాల గదులు టెండరులో పుచ్చుకొందురు. మేస్త్రీ పనితో మొదలుపెట్టి పైకి వచ్చినవారును వీరిలో ఉన్నారు. అట్టివారు మట్టపు గుండు వేయకయే గోడ వంకర కనిపెట్టగలరు గాని, లెక్కలు మాత్రము సగము చొక్కా జేబులోని చిన్న పుస్తకములోను, సగము జ్ఞాపకములోను ఉంచుకొందురు.

2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోనికి వచ్చిన పిమ్మట ఆ చిన్న పుస్తకము చాలకపోయెను. కొన్న సరకుపై ఎంత పన్ను కట్టితిమి, చేసిన పనిపై ఎంత వసూలు చేసితిమి, బిల్లులో ఆదాయపు పన్ను క్రింద ఎంత పట్టుకొనిరి అను సంగతులన్నియు చూపవలసి వచ్చెను. సిమెంటుపై 28 శాతముగానున్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతమాయెను. ఇట్టి మార్పులను జ్ఞాపకశక్తితో మోయుట ఎవరి తరము? కాబట్టి కాంట్రాక్టరు కుమారుడో, కుమార్తెయో, గుమాస్తాయో కంప్యూటరులో లెక్కలు వ్రాయుట నేర్చుకొనుచున్నారు. మన వైపున దీనికి ‘టాలీ నేర్చుకొనుట’ అని పేరు. శ్యాంసుందర్ గోయెంకా అను వ్యాపారి తన లెక్కలకు తగిన సాధనము దొరకక కుమారుడైన భరత్ గోయెంకాను అడుగగా, ఆ తండ్రీకొడుకులు 1986లో బెంగళూరులో ప్రారంభించిన సంస్థనుండి వచ్చినదే ఈ టాలీ.

ఇక్కడ మనస్సాక్షి గల మనిషికి ఒక ప్రశ్న పుట్టును. “నేను ఎవరిని మోసగించుట లేదు. నా మేస్త్రీ నన్ను నమ్మును, నేను మేస్త్రీని నమ్ముదును. నమ్మకమున్నచోట ఇంత లెక్క ఎందుకు? లెక్క అడుగుట యనగా అనుమానించుట కాదా?” ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి వేదాధారము కూడ చూపవచ్చును. రెండవ రాజుల గ్రంథము 12వ అధ్యాయములో, దేవుని మందిరము బాగుచేయించిన పెద్దలు నమ్మకముగా నడుచుకొనిరి గనుక వారిని ఎవరును లెక్క అడుగలేదని వ్రాయబడియున్నది.

అయితే ఆ అధ్యాయము పైనుండి చదువుదము. మొదట యాజకులే సొమ్ము పుచ్చుకొని మందిరమును బాగుచేయవలెనని యోవాషు రాజు ఏర్పాటు చేసెను. అతని యేలుబడిలో 23వ సంవత్సరము వచ్చినను శిథిలములు అట్లే యుండెను. అప్పుడే మూతకు రంధ్రము గల పెట్టె వచ్చినది. పెట్టె నిండినప్పుడు రాజుయొక్క లేఖికుడును ప్రధాన యాజకుడును, ఇద్దరును కలిసి, సొమ్ము లెక్కించి సంచులలో కట్టిరి. ఆ పిమ్మటనే అది పని చేయించువారి చేతికిచ్చిరి; వారు వడ్రంగులకును, కాసెపనివారికిని చెల్లించిరి. కాబట్టి అక్కడ నమ్మకము లెక్కకు బదులుగా వచ్చినది కాదు, లెక్కించిన సొమ్ముమీద నిలిచినది. లెక్క లేని మొదటి పద్ధతిలో దొంగతనము జరిగెనని గ్రంథము చెప్పదు. పని జరుగలేదని మాత్రమే చెప్పును. మంచివారి చేతిలోనైనను లెక్క లేని సొమ్ము కరగిపోవునని దీనివలన గ్రహింపవలెను.

అపొస్తలుడైన పౌలును అట్లే చేసెను. యెరూషలేములోని బీదల కొరకు చందా పోగుచేసినప్పుడు తనను ఎవరు శంకింతురని ఒంటరిగా మోసికొని పోలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంట తీసికొనెను. దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుటను యోగ్యముగా నుండవలెనని అతని ఉద్దేశము (2 కొరింథీ 8:20, 21). నమ్మదగినవాడే లెక్క చూపుటకు తొందరపడును. మన జ్ఞాపకము సాధారణముగా మనకే అనుకూలముగా మరచిపోవును. మనము ఇచ్చినది గుర్తుండును, ఇయ్యవలసినది జారిపోవును. పొరుగువానిని ఆ మరపునుండి కాపాడుటకే లెక్క.

మరి ఈ క్రొత్త చదువులో ఏమి నేర్పుదురు? మన పెద్దల చిట్టా, ఆవర్జాలకు దీనికి పునాది భేదము లేదు. ప్రతి పద్దును రెండు చోట్ల వ్రాయవలెను. ఒక ఖాతాకు ఖర్చైనది మరియొక ఖాతాకు జమ యగును. ఈ జంటపద్దుల పద్ధతిని 1494లో వెనీసు నగరములో అచ్చు పుస్తకముగా వివరించినవాడు లూకా పచోలి అను సన్యాసి. పుచ్చుకొనిన ప్రతి రూపాయి వెనుక ఇచ్చినవాడొకడు ఉన్నాడని ఆ పద్ధతి ప్రతి వరుసలోను జ్ఞాపకము చేయును. కంప్యూటరు ఆ పనిని వేగముగా చేయును. రశీదు, చెల్లింపు, కొనుగోలు, అమ్మకము అను వోచర్లు వ్రాసినచో ఆవర్జా తానే తయారగును.

కాంట్రాక్టరుకు ఇందులో ముఖ్యమైనది మరియొకటి కలదు. ప్రతి పనికి ఒక వేరు ‘కాస్ట్ సెంటరు’, ప్రతి సైటుకు ఒక ‘గోడౌను’ ఏర్పరచవచ్చును. అప్పుడు ఏ పనికి ఎన్ని బస్తాల సిమెంటు పోయినది, ఏ పనికి ఎంత కూలి అయినది విడివిడిగా తెలియును. ఇది క్రొత్త బుద్ధి కాదు. నిర్గమకాండము 38వ అధ్యాయములో మోషే ఆజ్ఞచొప్పున ఈతామారు ప్రత్యక్షపు గుడారపు లెక్క వ్రాయించెను. బంగారము 29 తలాంతులు 730 షెకెలులు. వెండిలో 100 తలాంతులు దిమ్మలకు పోగా, మిగిలిన 1,775 షెకెలులు స్తంభముల కొక్కులకును, బోదెల రేకులకును, పెండెబద్దలకును వ్యయమైనవని అక్కడ స్పష్టముగా నున్నది. అరణ్యములో తిరుగు ప్రజలు కొక్కులకు కూడ లెక్క చెప్పుకొనిరి.

ఈ వేరుపాటులో ఒక గొప్ప నీతి ప్రశ్న దాగియున్నది. ఉదాహరణకు, ఒక కాంట్రాక్టరుకు మాచవరములో ఒక ఇంటి పని, పసలపూడిలో ఒక రోడ్డు పని ఉన్నవనుకొందము. ఇంటి యజమాని 5 లక్షల రూపాయలు అడ్వాన్సు ఇచ్చెను. రోడ్డు బిల్లు ఇంకను పాసు కాలేదు. శనివారము వచ్చినది, రోడ్డు కూలీలు కూలికొరకు నిలిచియున్నారు. కాంట్రాక్టరు ఇంటి సొమ్ములోనుండి 2 లక్షలు తీసి వారికి చెల్లించెను. జేబు పుస్తకములో ఇది కనబడదు. అక్కడ అంతయు ఒక్కటే రొక్కము. కాస్ట్ సెంటరులో ఇది దాగదు.

అతడు తప్పు చేసెనా? తొందరపడి తీర్పు చెప్పవద్దు. కూలివాని కూలి తెల్లవారువరకు నిలిపి యుంచరాదని లేవీయకాండము 19:13 ఆజ్ఞాపించుచున్నది. ఆకలిగొన్నవారిని వట్టిచేతులతో పంపనందుకు ఆ మనిషి నిందార్హుడు కాడు. అయినను ఆ 2 లక్షలు అతనివి కావు. ఒకనికి న్యాయము చేయుటకు మరియొకని సొమ్ము ఎరుగకుండ వాడుకొనుట సగము న్యాయమే. మిగిలిన సగము ఏది? ఆ మొత్తమును అప్పుగా వ్రాసికొని, ఇంటి యజమాని యొద్దకు పోయి, “అయ్యా, మీ సొమ్ములో ఇంత ఇక్కడ వాడితిని, ఫలాని తేదీకి పూడ్చెదను, మీకు సమ్మతమేనా?” అని అడుగుట. పని చేసినవారికి బిల్లులు ఆలస్యముగా నిచ్చువారి దోషము వేరే యున్నది. దానికి వారు దేవునికి ఉత్తరవాదులు. ఆ దోషమును మనము రహస్యముగా మూడవవాని నెత్తిన పెట్టరాదు. లెక్క వ్రాసినవాడు ఈ మాట చెప్పగలడు. వ్రాయనివాడు చెప్పవలసినది ఉన్నదనియే ఎరుగడు.

ఇక యంత్రము చేయలేనిది చూతము. సంవత్సరాంతమున ట్రయల్ బ్యాలెన్సులో రెండు వైపులు సరిపోయినప్పుడు నేర్చుకొనువారికి గొప్ప సంతోషము కలుగును. కాని సరిపోవుట సత్యమునకు సాక్ష్యము కాదు. అసలు వ్రాయనే వ్రాయని పద్దు రెండు వైపులను లేకపోవును గనుక లెక్క చక్కగా సరిపోవును. ఇది లెక్కల శాస్త్రము చదివిన ప్రతివానికి తెలిసిన సంగతి. ఇటుకలు మోసిన స్త్రీకి మూడు దినముల కూలి బాకీ యున్నదనుకొనుడి. ఆమెకు ఖాతా లేదు, బిల్లు లేదు. సిమెంటు కొట్టువాని బాకీ ఎన్నాళ్లయినదో కంప్యూటరు దినములతో సహా చూపును. అతడు సరకు నిలిపివేయగలడు గనుక అతనికి ముందు అందును. ఆమె దేనిని నిలుపగలదు? ఆమె మూడు దినములు తెరమీద ఎక్కడను లేవు. లెక్క సరిపోయినది, న్యాయము సరిపోలేదు. పొలము కోసినవారి పట్టియుంచబడిన కూలి మొరపెట్టుచున్నదని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో చెప్పెను. అన్యాయముచేత ఇల్లు కట్టించి, పొరుగువానిచేత ఊరకయే పని చేయించుకొనువానికి శ్రమ కలుగునని యిర్మీయా 22:13లో హెచ్చరించెను. వ్రాయని పద్దును చదువువాడొకడు ఉన్నాడు.

కాబట్టి నేర్చుకొనువారికి ఒక సలహా. ప్రతి మేస్త్రీ ముఠాకు ఒక ఖాతా తెరువుడి. కూలి చెల్లించిన దినమున గాక, పని చేసిన దినముననే దానిని బాకీగా వ్రాయుడి. హాజరు పట్టీలో పేర్లు మేస్త్రీ మాటతో విడువక మనిషి మనిషికి వ్రాయుడి. చెల్లింపునకు ముందు ఆ జాబితాలో ఎవరి బాకీ పాతదో చూచి, వారికి ముందు ఇయ్యుడి. యంత్రమునకు చెప్పినదే అది చూపును; చెప్పవలసినవారము మనము.

మరియొక శోధన కలదు. ఈ యంత్రములో ఒకే వ్యాపారమునకు రెండు పేర్లతో రెండు లెక్కలు తెరచుట కష్టము కాదు. పన్నుల వారికి ఒకటి, తనకొకటి. యంత్రము అభ్యంతరము చెప్పదు. సంచిలో పెద్దదియు చిన్నదియునైన రెండు గుండ్లు ఉంచుకొనరాదని ద్వితీయోపదేశకాండము 25:13 నిషేధించినది దీనినే. ఆ గుండ్లు రాతివి, ఇవి తెరమీదివి. సంచి మాత్రము ఒక్కటే.

ఇందులో మిక్కిలి నలిగిపోవునది యౌవనస్థుడైన గుమాస్తా. బిల్లు పాసగుటకు ఎవరికో ఇచ్చిన మామూలును ‘సైటు ఖర్చులు’ అని వ్రాయుమని యజమాని చెప్పినప్పుడు అతడేమి చేయవలెను? ఉద్యోగము పోయినచో ఇంట పొయ్యి వెలుగదు. అతని భయమును తేలిక చేయువాడు అతని స్థానములో నిలువలేదు. అయినను లూకా 16లోని గృహనిర్వాహకుడు నూరు మణుగుల నూనెను ఏబదిగా వ్రాయించినప్పుడు, వ్రాసిన చేయి ఋణస్థునిదే గదా. ఒకడు చెప్పును, ఒకడు వ్రాయును, ఇద్దరును పాలివారే. గుమాస్తా వినయముగా, “అయ్యగారూ, మీరు ఇచ్చినది ఇచ్చినట్టే వ్రాయనిండు, లేనిది నా చేత వ్రాయింపకుడి” అని ఒక్కమారు చెప్పి చూడవలెను. అట్టి గుమాస్తా దొరికినందుకు యజమాని కూడ సంతోషింపవలెను. తన కొరకు అబద్ధము వ్రాయువాడు ఒకనాడు తనమీదను వ్రాయగలడు.

2023 ఏప్రిల్ 1 నుండి, కంపెనీల చట్టము క్రింద నమోదైన కంపెనీలు వాడు లెక్కల సాఫ్ట్‌వేరు, దిద్దిన ప్రతి పద్దును దిద్దిన తేదీతో సహా గుర్తుంచుకొనవలెననియు, ఆ గుర్తును ఎవరును నిలిపివేయరాదనియు నియమము వచ్చెను. సొంత పేరుతో వ్యాపారము చేయు మన చిన్న కాంట్రాక్టర్లకు ఇది వర్తింపదు. అయినను అట్టి సదుపాయము ఉన్నది, కోరినచో పెట్టుకొనవచ్చును. బలవంతము లేనప్పుడు దానిని పెట్టుకొనువాడెవడు? అక్కడనే మనిషి తెలియును. చట్టము చూచునప్పుడు సరిగా వ్రాయుట భయము. ఎవరును చూడనప్పుడు సరిగా వ్రాయుట నీతి.

గోదావరి ప్రజలమైన మనకు ధవళేశ్వరము ఆనకట్ట కన్నులయెదుట నున్నది. 1847లో మొదలై 1852లో ముగిసిన ఆ పనికి ముందు ఆర్థర్ కాటన్ దొర మద్రాసు ప్రభుత్వమునకు నివేదికలు, అంచనాలు వ్రాసి సమర్పించెను. కాగితముమీద మొదట లెక్క కట్టినందుననే నదిమీద రాయి నిలిచెను. రాయవరములో రెండు గదుల ఇల్లు కట్టువాని పని చిన్నదే కావచ్చును. అయినను ఆ రెండు గదులలో నివసింపబోవువారు, ఆ గోడలెత్తినవారు, వారికి సరకిచ్చినవారు అందరును అతని లెక్కలో నున్నారు.

కాబట్టి నేర్చుకొనుడి, మీ పిల్లలకు నేర్పించుడి. ఈ విద్యను ఆత్మీయము కానిదని తక్కువ చేయకుడి. ప్రతి శనివారము యంత్రమును మూయకముందు ఒక్క ప్రశ్న వేసికొనుడి: ఇందులో ఇంకను పేరు వ్రాయబడనివాడు ఎవడైన ఉన్నాడా? ఉన్నచో ఆ పేరు వ్రాయుడి, ఆ సొమ్ము చెల్లించుడి. అప్పుడు నెమ్మదిగా ఇంటికి పొండు.