ఆ ఐదు ప్యాషనేట్లు తీసెయ్, తల్లీ

చిట్టితల్లికి,

నువ్వు పంపిన దరఖాస్తు వ్యాసం మూడుసార్లు చదివాను. నల్గొండ పల్లెల్లో బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి ఫ్లోరైడ్ కొలిచిన సంగతి రాశావే, ఆ పేరా బాగుంది. అందులో నువ్వున్నావు. మిగతా పేజీన్నరలో మాత్రం 'ప్యాషనేట్' ఐదుసార్లు ఉంది. లెక్కపెట్టాను. నలభై ఏళ్ళు ఎర్రసిరాతో బతికినవాడికి ఆ జబ్బు పోదు, ఏమీ అనుకోకు.

ఆ మాట తప్పు కాదమ్మా. లాటిన్‌లో బాధపడడం అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. ఏసుక్రీస్తు శిలువ యాతనని ఇప్పటికీ 'ప్యాషన్' అనే అంటారు. దేనికోసమైనా నిద్ర మానుకున్నవాళ్ళకీ, చేతి డబ్బు వదులుకున్నవాళ్ళకీ ఆ మాట మీద హక్కుంది. ఇప్పుడేమో బిస్కెట్లమ్మేవాడు కూడా బిస్కెట్ల విషయంలో ప్యాషనేట్‌నంటున్నాడు. రోజుకి వంద దరఖాస్తులు చూసే ప్రొఫెసరు కన్ను ఇక దానిమీద ఆగుతుందా?

చిక్కల్లా ఎక్కడుందంటే, కోరికని మనం 'నాకు' అని చెప్పుకుంటాం. నాకు ఉబలాటంగా ఉంది, నాకు ముచ్చటేసింది, నాకు తహతహగా ఉంది. కోరిక చుట్టంలా వచ్చి నాలుగు రోజులుండి పోతుంది, మనం మనలాగే ఉంటాం. ఇంగ్లీషువాడు 'ఐ యామ్' అని మొదలుపెట్టి ఆ విశేషణాన్ని ఒంటికి తొడుక్కుంటాడు. కాబట్టి అక్కడ ఏ మాట ఎంచుకున్నావన్నదే నువ్వెలాంటి మనిషివో చెప్పేస్తుంది. మీ తమ్ముడు 'ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ క్రికెట్' అన్నప్పుడు పడిపడి నవ్వావు గుర్తుందా? వాడు తనకి ఆసక్తి ఉందనబోయి, తనే ఆసక్తికరమైన మనిషినని చెప్పుకున్నాడు పాపం.

రెండో పేజీలో నువ్వు 'యాంక్షస్ టు జాయిన్' అన్నావు. గొంతు నొక్కడం, బిగించడం అనే లాటిన్ క్రియకి చుట్టం ఆ మాట. 'అబౌట్' తగిలిస్తే అచ్చంగా దిగులు. 'టు' తగిలిస్తే ఆత్రమే గాని, దిగులు వాసన పూర్తిగా వదలదు. నీ ఇంటర్ ఫలితాల రోజు మీ నాన్న గేటుకీ వరండాకీ మధ్య ఎన్నిసార్లు తిరిగాడో చూశావుగా, అది యాంక్షస్. పండగ ముందు రోజు రాత్రి కొత్త పరికిణీ తలకింద పెట్టుకుని పడుకున్న ఆరేళ్ళ నువ్వు ఈగర్. చేరబోయే చోటు గురించి రాసేటప్పుడు నాకు ఆ పిల్లే కావాలి.

ఈగర్‌కి మూలంలో పదును, పులుపు అని అర్థం. వినెగర్ అన్న మాట తోకలో ఉన్నదీ అదే. చింతకాయ పేరెత్తితే నోరూరే జాతి మనది, పులుపుకీ ఆత్రానికీ ఉన్న చుట్టరికం నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. కీన్ కూడా పదునైనదే. పాత ఇంగ్లీషులో ధైర్యమని మొదలై, కత్తిమొన మీదుగా ఆసక్తి దాకా వచ్చింది. బ్రిటిష్‌వాళ్ళ నోట ఎక్కువ వినిపిస్తుంది. గొంతు పెంచకుండానే ఇష్టం చెప్పే మాట, నాకు మహా ఇష్టం. 'కీన్ టు' వెనక క్రియ, 'కీన్ ఆన్' వెనక నామవాచకం. అది మాత్రం తారుమారు చెయ్యకు.

ఎంథూజియాస్టిక్ అన్నావా, అది మన పూనకమే! గ్రీకులో దేవుడు లోపల ప్రవేశించినవాడని అర్థం. 1755లో అచ్చయిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు తీసి ఎంథూజియాజం అంటే ఏమిటో చూస్తే, దేవుడు తనకే ప్రత్యేకంగా చెప్పాడనుకునే వట్టి భ్రమ అన్న అర్థం ముందు కనిపిస్తుంది. ఆ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ వెస్లీ అనుచరుల్ని ఎగతాళి చెయ్యడానికి ఆ మాటే వాడేవారు. ఒకప్పటి తిట్టు ఇవాళ ఉద్యోగ ప్రకటనల్లో అర్హత అయి కూర్చుంది. మా ఊరి జాతరలో పూనకం వచ్చినవాడి చుట్టూ వేపమండలు, సాంబ్రాణి పొగ, జనం. దిగాక వాడు చెంబెడు మంచినీళ్ళు తాగి అరుగు మీద నిద్రపోయేవాడు. రెండేళ్ళ పరిశోధన పూనకంతో సాగేది కాదు కదా.

ఆర్డెంట్ అంటే మండేది, మన తపనలోనూ వేడే ఉంది. ఆవిడ్ దాహం లాంటిది, 'ఆవిడ్ రీడర్' అన్నంతవరకు బాగానే ఉంటుంది. నువ్వు రాసిన జెలస్ ఉందే, 'జెడ్' అక్షరంతో మొదలయ్యే శ్రద్ధాసక్తుల జెలస్, దాన్ని కాగితం మీద ఉంచినా ఇంటర్వ్యూలో పలకొద్దు. మన నోట్లో మొదటి అక్షరం తుమ్మెద మోతలా పలకక, అసూయ జెలస్ అయిపోతుంది. రెండూ ఒకే గ్రీకు మాట పిల్లలు. ఒకటి చదువుకుంది, ఒకటి చెడింది.

డెస్పరేట్ జోలికి మాత్రం పోకు. మొన్న ఫోన్‌లో 'డెస్పరేట్‌గా కావాలి తాతయ్యా ఆ సీటు' అన్నావు. నాతో అను, ఫరవాలేదు. ఆశ వదులుకున్నవాడి మాట అది. ప్రొఫెసరుకి ఈమెయిల్‌లో రాస్తే ఎదుటివాడు ఒకడుగు వెనక్కి వేస్తాడు. మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా, ఆత్రగాడికి బుద్ధి మట్టని.

ఇంకో మాట, నీ దరఖాస్తుకి పనికిరాదు గాని చెప్తాను. విస్ట్‌ఫుల్. చేతికందదని తెలిసి, బతిమాలకుండా, కాస్త దిగులుగా కోరుకోవడం. దీనికి ఒక్క తెలుగు మాట కోసం ఏళ్ళ తరబడి వెతుక్కున్నాను. నువ్వు హాస్టల్‌కి వెళ్ళిన మర్నాడు మీ నాన్నమ్మ నీ గది గుమ్మంలో కాసేపు నిలబడి, మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ మడతపెట్టింది. మాట దొరకలేదు గాని అర్థం దొరికింది.

సరే, పని చూడు. ఐదు ప్యాషనేట్లూ కొట్టేసి, ఆ ఖాళీలో బోరు నీళ్ళ పేరాని పెంచు. ఎన్ని సీసాలు, ఏ ఎండలో, ఏ ఇంట్లో మజ్జిగిచ్చారు, కొలత తప్పొస్తే రెండోసారి ఏ బస్సులో వెళ్ళావు, అవన్నీ రాయి. చివర ఒక్క 'కీన్ టు' ఉంచుకో, చాలు.

ఆదివారంలోపు మళ్ళీ పంపు. ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు పొద్దున్నే ప్రింటు తీసిస్తానన్నాడు. వాణ్ణి ఇప్పటికే రెండుసార్లు అడిగొచ్చాను. దీన్ని ఈగర్ అంటావో యాంక్షస్ అంటావో నువ్వే చెప్పు.

మీ తాతయ్య