కనబడలేదంటే లేనట్టేనా?

నేలమీద కుండ లేదు. ఈ సంగతి మనకెలా తెలుస్తుంది? కుండ ఉంటే కన్ను దాన్ని చూస్తుంది, సరే. లేనప్పుడు ఏం చూస్తుంది? దీనిమీద మన శాస్త్రకారులు వందల ఏళ్లు వాదించుకున్నారు. మీమాంసకుడైన కుమారిల భట్టు ‘అనుపలబ్ధి’ని ప్రత్యేక ప్రమాణంగా నిలబెట్టాడు. వెతికితే దొరకకపోవడమే లేదని తెలియడానికి సాధనమన్నాడు. నైయాయికులు ఒప్పుకోలేదు, ఆ లేమిని కూడా కన్నే చూస్తుందన్నారు. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావాన్ని ఏడో పదార్థంగా లెక్కవేసి ద్రవ్యం, గుణం, కర్మల సరసన కూర్చోబెట్టాడు.

మా నాన్నగారు నాకు తర్కసంగ్రహం పాఠం చెప్పేటప్పుడు ఇక్కడ చాలాసేపు ఆగేవారు. రెండు పక్షాలూ ఒక షరతు దగ్గర కలుస్తాయమ్మా, దాన్ని వదలకు అనేవారు. ఆ షరతు పేరు యోగ్యత. కుండ అక్కడే ఉండి ఉంటే తప్పకుండా కనబడి ఉండేది అని చెప్పగలిగే పరిస్థితి ముందు ఉండాలి. వెలుతురుండాలి, కన్ను బాగుండాలి, అడ్డం ఏదీ ఉండకూడదు. ఇవన్నీ ఉన్నాక కూడా కనబడలేదంటేనే ‘లేదు’ అనడానికి హక్కు వస్తుంది.

ఆ షరతు ఎంత గట్టిదో నాకు బాగా తెలిసింది కంప్యూటరు దగ్గర. నేను రాజమండ్రిలో డీటీపీ పని చేస్తాను. పంచాంగాలు, శతక వ్యాఖ్యానాలు, శుభలేఖలు, కాలేజీ సంచికలు. ఎప్పుడో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టిన పుస్తకాలు కొత్త మెషీన్లలో తెరిస్తే ఒత్తులు చెదిరిపోతున్నాయి. అందుకే విండోస్ 98 ఉన్న ఒక పెంటియం మెషీన్‌ను ఇప్పటికీ కాపాడుకుంటున్నాను. దాని పాత మౌస్ అరిగిపోతే కొత్త యూఎస్‌బీ మౌస్ తెప్పించి, ఆకుపచ్చ కన్వర్టర్ పెట్టి వెనకాల గుండ్రటి పోర్టుకి తగిలించాం. మెషీన్ లేచింది. మౌస్ ఏదీ తగల్లేదని తెరమీద చెప్పింది. “ఈ మౌస్ డెడ్ అక్కా, వాపసు ఇచ్చేద్దాం” అన్నాడు షాపులో పనిచేసే కుర్రాడు.

మెషీన్ చెప్పినదానికీ కుర్రాడు చెప్పినదానికీ మధ్య ఎంత దూరముందో చూడండి. అదే మౌస్‌ని పక్కనున్న కొత్త మెషీన్‌కి పెడితే బాణం చకచకా కదిలింది. ఆ ఆకుపచ్చ కన్వర్టర్ లోపల తీగలు తప్ప మరేమీ ఉండవు. అది భాష మార్చదు. మౌస్‌కే రెండు భాషలూ వచ్చి ఉంటే అది పనికొస్తుంది. ఇప్పుడు దొరికే చాలా మౌస్‌లకి యూఎస్‌బీ మాటే వచ్చు. ఐబీఎమ్ 1987లో తెచ్చిన పీఎస్/2 పద్ధతిలో మెషీన్ ‘ఎవరైనా ఉన్నారా’ అని పలకరిస్తుంది. మౌస్ తనను తాను సరిచూసుకుని ‘ఏఏ’ అనీ, ఆ వెంట తన గుర్తుగా ‘00’ అనీ జవాబివ్వాలి. అంతకుముందుతరం సీరియల్ మౌస్‌లు చాలావాటిదీ ఇదే మర్యాద. పోర్టు తీగ మీద కరెంటు అందగానే సెకనుకు 1200 బిట్ల వేగంతో ‘ఎమ్’ అనే ఒక్క అక్షరం పంపేవి. ఆ అక్షరం అందితే డ్రైవర్ దృష్టిలో మౌస్ ఉంది, అందకపోతే లేదు. మా కొత్త మౌస్ అక్కడే ఉంది, బతికే ఉంది. పిలిచిన భాషలో పలకలేదు, అంతే.

తర్వాత అసలైన పీఎస్/2 మౌస్ తెచ్చాం. అదీ కనబడలేదు! అప్పుడు నాకు సాంఖ్యకారిక గుర్తొచ్చింది. ఉన్న వస్తువు కూడా కనబడకపోవడానికి ఈశ్వరకృష్ణుడు ఏడో కారికలో ఎనిమిది కారణాలు చెప్పాడు. మరీ దూరం కావడం, మరీ దగ్గర కావడం, ఇంద్రియం దెబ్బతినడం, మనసు నిలవకపోవడం, వస్తువు సూక్ష్మమవడం, అడ్డం రావడం, బలమైనది మరొకటి కప్పేయడం, తనలాంటివాటిలో కలిసిపోవడం. రిపేరు బల్ల దగ్గర గోడకి అంటించుకోదగ్గ జాబితా ఇది. మెషీన్ వెనకాల ఆకుపచ్చదీ ఊదాదీ రెండు పోర్టులు ఒకే ఆకారంలో పక్కపక్కనే ఉంటాయి, మౌస్‌ది కీబోర్డు దాంట్లో గుచ్చితే ఆ కాలపు బోర్డులు చాలావరకు గుర్తుపట్టవు. ప్లగ్గులో ఆరు పిన్నుల్లో ఒకటి వంగినా మాట అందదు. మెషీన్ నడుస్తుండగా గుచ్చితే బోర్డు మీది చిన్న ఫ్యూజు పోవచ్చు. చాలా బోర్డుల్లో ఆ ఫ్యూజు కీబోర్డుకీ ఉమ్మడి, కీబోర్డు పలుకుతోంది గనుక దాన్ని అనుమానించనక్కర్లేదనుకున్నాం. చివరికి బయాస్‌లోకి వెళ్తే అసలు సంగతి బయటపడింది. మౌస్ వాడుకునే ఐఆర్‌క్యూ 12 లైను వేరే కార్డుకి కావాల్సి వచ్చి ఎవరో మౌస్ పోర్టునే ఆపేసి ఉంచారు. కన్ను బాగానే ఉంది, మనసు అటువైపు లేదు. దాన్ని తెరిచాక మౌస్ పలికింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా షాపులో ఈ మధ్య జరిగిన పెద్ద వాదానికి ఇదే కీలకమని నా నమ్మకం. కాలేజీ సంచిక పని మీద వచ్చిన ఒక అబ్బాయి “దేవుడు లేడండి. ఇంతకాలం ఎవరికీ కనబడలేదుగా” అన్నాడు. ప్రూఫులు దిద్దుతున్న శాస్త్రిగారు తలెత్తకుండానే “ఆయన సూక్ష్ముడు నాయనా, కంటికి అందడు” అన్నారు. ఇద్దరూ నెగ్గామనుకున్నారు.

అబ్బాయికి జవాబు నైయాయికుడైన ఉదయనుడు ఎప్పుడో చెప్పాడు. న్యాయకుసుమాంజలి మూడో స్తబకంలో ఆయన వాదం ఇదే: కనబడదగిన వస్తువు కనబడకపోతేనే లేదనాలి. లేకపోతే కంటికి కనబడినదే ఉందనే చార్వాకుడు ఇల్లు దాటి వెళ్తే, పెళ్లాంబిడ్డలు కంటికి కనబడడం లేదు కాబట్టి వాళ్లు లేరని అక్కడే గుండెలు బాదుకుని ఏడవాల్సి వస్తుంది. బౌద్ధుడైన ధర్మకీర్తిదీ ఈ విషయంలో అదే దారి. కనబడదగనిది కనబడకపోతే మిగిలేది సంశయం, అభావం తేలదు.

అయితే శాస్త్రిగారి మాటా నాకు చాలలేదు. ‘సూక్ష్మం’ అనే మాట ఎప్పుడు పడితే అప్పుడు వాడుకునే తాళంచెవి కాకూడదు. ప్రకృతి సూక్ష్మం గనుక కనబడదని సాంఖ్యులూ అన్నారు, కానీ ఆ వెంటనే దాని కార్యాలను బట్టి దాన్ని పట్టుకోవచ్చని చూపించబోయారు. ఉదయనుడూ కనబడకపోవడం దోషం కాదని చెప్పి ఊరుకోలేదు, ఐదో స్తబకంలో ఈశ్వరుడు ఉన్నాడనడానికి వేరే హేతువులు పేర్చాడు. వేదం కోసం జీవితమంతా వాదించిన కుమారిలుడికి మాత్రం అలాంటి హేతువులు రుచించలేదు, లోకాన్ని సృష్టించిన ఈశ్వరుణ్ణి ఆయన ఒప్పుకోలేదు. ఆస్తికుల ఇంట్లోనే ఇంత కఠినమైన పరీక్ష జరిగిందంటే నాకు గర్వంగా ఉంటుంది.

అందుకని ఇద్దర్నీ ఒకటే అడిగాను. మౌస్ ఉంటే ‘ఏఏ’ వస్తుందని ముందే తెలుసు కాబట్టి రానప్పుడు వెతకగలిగాం. దేవుడు ఉంటే ఏం జరిగి ఉండేదో చెప్పండి, అప్పుడు జరిగిందో లేదో చూద్దాం.

అబ్బాయి కాసేపు ఆలోచించాడు. “పసిపిల్లలు జబ్బులతో చచ్చిపోకూడదండి” అన్నాడు.

శాస్త్రిగారు అప్పుడు తలెత్తారు. “అదృష్టం ఉంది కదా నాయనా, పూర్వకర్మ” అని మొదలుపెట్టారు. “పాలు తాగే బిడ్డ ఏ కర్మ చేసిందండి?” అన్నాడు అబ్బాయి. వాదం అసలు అప్పుడు మొదలైంది, ప్రూఫులు మర్నాటికి వాయిదాపడ్డాయి.

నాకు అబ్బాయి మాటే బలమైనదిగా కనిపిస్తుంది. అతను యోగ్యత చెప్పాడు. కాపాడే శక్తీ, కాపాడాలనే దయా రెండూ ఉన్నవాడు ఉంటే ఫలానాది జరిగేది, జరగలేదు. ఇది చీకట్లో వెతకడం కాదు, పట్టపగలు నేల చూసి కుండ లేదనడం. కర్మ సిద్ధాంతం దానికి ఇచ్చే జవాబు నా మనసుని ఇంతవరకు ఒప్పించలేదు.

కానీ ఆ వాదం పడగొట్టేది రక్షకుణ్ణి. ఉపనిషత్తులు మరొకరి గురించి కూడా చెబుతాయి, చూసేవాడిలోనే ఉండి చూపుకి దొరకని సాక్షి గురించి. కంటి కాటుక ఆ కంటికే కనబడనట్టు, అది ఈశ్వరకృష్ణుడి రెండో కారణం కిందికి వస్తుంది, మరీ దగ్గర కావడం. ఆ సాక్షి ఉంటే ఏ జవాబు రావాలో, లేకపోతే ఏది రాకూడదో నేనింకా చెప్పలేను. నాన్నగారి దగ్గర నేర్చుకున్న లెక్క ప్రకారం అది చెప్పగలిగేదాకా ‘లేదు’ అనే హక్కు నాకు లేదు, ‘ఉందని తెలుసు’ అనే హక్కూ లేదు.