ఛాలెంజ్ మీది, చాకిరీ ఎవరిది?

కార్తీకం మొదలవగానే ఆఫీసు లిఫ్టుల్లో, మెట్రోలో నల్లబట్టలు కనిపిస్తాయి. మొన్నటిదాకా తొమ్మిదింటికి లేచే కుర్రాడు తెల్లవారుజామున నాలుగున్నరకే చన్నీళ్ల స్నానం చేసేస్తాడు. చెప్పుల్లేకుండా నడుస్తాడు, నేలమీద పడుకుంటాడు. నిన్నటిదాకా "ఏరా" అని పిలిచిన స్నేహితుణ్ని "స్వామీ" అంటాడు. 41 రోజులు. ఎవరూ మార్కులు వేయరు, ఎవరూ జీతం కోయరు. అయినా చేసేస్తాడు.

అదే కుర్రాడు జులై రాగానే "ప్లాస్టిక్ ఫ్రీ జులై" అని స్టేటస్ పెడతాడు. 2011లో పశ్చిమ ఆస్ట్రేలియాలో కొద్దిమంది మొదలుపెట్టిన ఛాలెంజ్ అది, ఇప్పుడు చాలా దేశాల్లో చేస్తున్నారు. అయిదో రోజుకి పార్శిల్ బిర్యానీ డబ్బా ఇంటికొస్తుంది. పదో రోజుకి ఛాలెంజ్ సంగతే గుర్తుండదు.

మనసు గట్టిది కాదు అనేసి ఊరుకోవచ్చు. కానీ రెండుసార్లూ ఉన్నది ఆ మనసే కదా! తేడా వేరేచోట ఉంది. అయ్యప్ప, భవాని, హనుమాన్... ఏ దీక్ష తీసుకున్నా "మంచిగా ఉండు" అని చెప్పి వదిలేయదు. చెప్పులు వేసుకోకు, ఫలానా వేళకి స్నానం చెయ్యి, ఫలానాది తినకు అంటుంది. మెడలో మాల రోజంతా గుర్తుచేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు స్వామీ అని పిలిచి మరీ గుర్తుచేస్తారు. "పర్యావరణాన్ని కాపాడదాం" అనే సంకల్పానికి ఇవేవీ లేవు. పొద్దున లేచి పర్యావరణాన్ని ఎక్కడినుంచి కాపాడటం మొదలుపెట్టాలో ఎవరికి తెలుసు?

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని రీల్స్‌లో తెగ చెబుతుంటారు. ఆ అంకె మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి పాకింది. ఆపరేషన్ అయినవాళ్లు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. జనం "కనీసం" అన్నమాట వదిలేసి అంకె మాత్రం పట్టుకున్నారు. తర్వాత లండన్‌లో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మంది మీద అధ్యయనం చేస్తే సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, ఇంకొందరి లెక్క 254 దాకా వెళ్లింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదట. కాబట్టి ఒకరోజు కవర్‌లో కూరగాయలు తెచ్చుకున్నారని ఛాలెంజ్ వదిలేయక్కర్లేదు.

అయితే ఇవాళ మాట్లాడుకోవాల్సింది రోజుల లెక్క గురించి కాదు.

దీక్షలో ఉన్న కుర్రాడు నాలుగున్నరకి లేచాడు అన్నాం. ఆ ఇంట్లో నాలుగింటికే లేచింది ఎవరు? స్వామి పూజకి ఇల్లు కడిగి, మడిగా వండి, మధ్యాహ్నం భిక్షకి ఉల్లి వెల్లుల్లి లేని కూరలు వేరేగా చేసి, రాత్రికి అల్పాహారం చూసేది ఎవరు? అమ్మ, లేకపోతే భార్య. వాళ్ల మెడలో మాల లేదు, వాళ్లని ఎవరూ స్వామీ అనరు. చాలామంది అమ్మలు ఇది సంతోషంగానే చేస్తారు, కాదనను. కానీ ఆ 41 రోజులూ నిజానికి ఎవరి నియమం ఎక్కువ నడిచిందో లెక్క వేస్తే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఎకో-ఛాలెంజ్‌లోనూ అచ్చం ఇదే జరుగుతుంది. "రేపటినుంచి మనింట్లో ప్లాస్టిక్ బంద్" అని ఒకరు ప్రకటిస్తారు. పెరుగు ప్యాకెట్ మానేసి ఇంట్లోనే తోడు పెట్టాలి. ఎవరు పెట్టాలి? స్టీలు డబ్బాలు పెరుగుతాయి, ఎవరు తోమాలి? డిష్‌వాష్ లిక్విడ్ మానేసి కుంకుడు రసం అంటారు, పనావిడ చేతులు ఎలా ఉన్నాయో ఎవరూ చూడరు, జీతం వంద కూడా పెరగదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాల్సింది ఇంటివాళ్లేనని 2016 నాటి నిబంధనలే చెప్పాయి. అన్నీ ఒకే కవర్‌లో కట్టి గేటు దగ్గర పెడితే ఆ వేరుచేసే పని మాయమైపోదు. చెత్తబండి దగ్గర ఒక మనిషి, చాలాసార్లు గ్లౌజులు కూడా లేకుండా, మన కూరలోంచి మన బ్లేడు ఏరుతాడు.

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక ప్రశ్న వేయొచ్చు. యజ్ఞంలో పనంతా చేసేది ఋత్విక్కులు, ఫలం మాత్రం యజమానిది అని మీమాంస కూడా ఒప్పుకుంది కదా? మరి అమ్మ గిన్నెలు తోమితే నా ఛాలెంజ్ ఎందుకు చెల్లదు?

మంచి ప్రశ్నే. ఫలం యజమానికి ఎందుకొస్తుందంటే, ఋత్విక్కులు ఒప్పుకుని వచ్చారు, వాళ్లకి దక్షిణ ముట్టింది. దక్షిణ లేని యజ్ఞాన్ని గీత పదిహేడో అధ్యాయం తామసమైన వాటిలో చేర్చింది. పైగా మనం తీసుకున్నది యజ్ఞం కాదు, వ్రతం. ఏకాదశి ఉపవాసం మీ తరఫున పక్కింటాయన చేస్తే మీ కడుపు ఖాళీ అవుతుందా? జబ్బు చేసినప్పుడో, చేతకానప్పుడో ప్రతినిధిని పెట్టుకోవచ్చని ధర్మశాస్త్రాలు వెసులుబాటు ఇచ్చాయి. బద్ధకానికి మాత్రం ఇవ్వలేదు.

"నా ఒక్కడివల్ల ఏమవుతుంది" అన్నవాళ్లకి గీతలోంచి వెంటనే ఒక సమాధానం చెప్పేస్తాం: నీ పని నువ్వు చెయ్యి, ఫలం గురించి ఆలోచించకు అని. నాకు ఆ సమాధానం సగమే నచ్చుతుంది. ఫలం మీద ఆశ వద్దన్నాడు కానీ, కళ్లు మూసుకుని చెయ్యమని కృష్ణుడు ఎక్కడా అనలేదు. పద్దెనిమిదో అధ్యాయంలో తామస కర్మ అంటే ఏమిటో చెబుతూ, ముందువెనకలు చూడకుండా మొదలుపెట్టేది అన్నాడు. దానివల్ల తర్వాత ఏం జరుగుతుంది, ఏం ఖర్చవుతుంది, ఎవరికి బాధ కలుగుతుంది, మన శక్తి ఎంత... ఈ నాలుగూ చూడకుండా మోహంతో చేసేది. ఛాలెంజ్ మొదలుపెట్టే ముందు ఇంతకంటే మంచి చెక్‌లిస్ట్ ఇంకెవరిస్తారు?

ఖర్చు సంగతే చూడండి. ఛాలెంజ్ అనగానే ముందు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతాం. వెదురు బ్రష్, స్టీలు స్ట్రా, దేవుడి బొమ్మ వేసిన కాటన్ సంచి. డెన్మార్క్ పర్యావరణ విభాగం కోసం 2018లో వేసిన ఒక లెక్క ప్రకారం, మామూలు కాటన్ సంచి పల్చటి ప్లాస్టిక్ సంచి కంటే మేలు అనిపించుకోవాలంటే, వాతావరణం మీద ప్రభావం ఒక్కటే చూసినా, కనీసం 52 సార్లు వాడాలి. నీళ్లు, ఇతర కాలుష్యాలు కూడా కలిపితే అది వేలల్లోకి వెళుతుంది. పెళ్లిళ్లలో, కాన్ఫరెన్సుల్లో ఇచ్చిన సంచులు మీ అల్మారాలో ఎన్ని ఉన్నాయి? ఇక కొత్తది ఎందుకు? పతంజలి చెప్పిన యమాల్లో అపరిగ్రహం అయిదోది. ఛాలెంజ్‌కి మాత్రం అది మొదటిదిగా పెట్టుకుంటే బాగుంటుంది.

ఎవరికి బాధ అన్నదానికి శబరిమల దగ్గరే ఉదాహరణ ఉంది. అన్నిరోజులు ఎంతో నిష్ఠగా ఉండి, చివర్లో పంపానదిలో బట్టలు వదిలేసి వచ్చేవాళ్లు ఉన్నారు. అది ఆచారం కాదని అక్కడివాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు. 2011లో పి. విజయన్ అనే కేరళ పోలీసు అధికారి "పుణ్యం పూంకావనం" అని మొదలుపెట్టి, వచ్చిన స్వాములనే కాసేపు చెత్త ఎత్తమని కోరారు. ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. దర్శనానికి వచ్చినవాడి చేతికే చీపురు అందింది.

అందుకే మీ ఛాలెంజ్‌కి ఒక్క నియమం చాలు, అది మీ చేతులతో మీరే చేసేదై ఉండాలి. ఆఫీసు టిఫిన్ బాక్స్ ఇంటికొచ్చాక మీరే తోముకోవడం ఒకటి. వాటర్ ప్యూరిఫయర్ వదిలేసే నీళ్ల సంగతి ఇంకొకటి. చాలా ఇళ్లలో లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు పైపులోంచి సింకులోకి పోతుంటాయి. ఆ పైపు కింద బకెట్ పెట్టడం గొప్ప పనేమీ కాదు. నిండిన బకెట్ మోసి, ఆ నీళ్లతో బాల్కనీ కడగడం దగ్గరే అసలు పరీక్ష. "అమ్మా, బకెట్ నిండింది" అని హాల్లోంచి అరిస్తే ఆరోజు లెక్కలోకి రాదు.

మొదలుపెట్టే రోజు దీపం ముందు సంకల్పం చెప్పుకోండి. మన సంకల్పంలో ఒక చక్కని పద్ధతి ఉంది, గమనించారా? ఏం చేస్తామో చెప్పేముందు ఎక్కడ ఉన్నామో చెప్పాలి. శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్యన అని. విదేశాల్లో ఉన్న మనవాళ్ల ఇళ్లలో చాలాచోట్ల అక్కడి నదుల పేర్లే చెబుతారు. హైదరాబాద్‌లో అయితే కృష్ణా గోదావరుల మధ్య అంటాం, పంతులుగారి వెనక గబగబా అనేస్తాం. ఆ రెండు నదుల నీళ్లే వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి, కరెంటుతో ఎత్తిపోస్తే మన కుళాయిలోకి వస్తున్నాయి. అభిషేకానికి పట్టేది, ప్యూరిఫయర్ వదిలేసేది ఆ నీళ్లే.

వాడిన నీళ్లు వెళ్లేదీ మళ్లీ అక్కడికే. నగరం మురుగు మూసీలోకి, మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలోకి. ఆ సంగమం ఒడ్డున అగస్త్యేశ్వరస్వామి గుడి, లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్నాయి. ఒక ఆదివారం వీలు చూసుకుని వెళ్లండి. తాగే నీళ్ల సీసా ఇంటినుంచే తీసుకెళ్లండి, పొద్దున దాన్ని మీరే కడిగి నింపుకుని.