పదేళ్ల సీజర్‌ను తెచ్చుకుందామా అని అడిగిన మేనకోడలికి

మదనపల్లె



పుంగనూరులోని నీ స్నేహితురాలి నాన్నగారు ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారనీ, ఆయన పెంచుకున్న పదేళ్ల లాబ్రడార్ సీజర్‌ను కుప్పం తెచ్చుకోవాలని ఉందనీ రాశావు. "ముసలిది కదా అత్తా, ఎన్నాళ్లుంటుంది?" అని అడిగావు. లాబ్రడార్ ఆయుస్సు మామూలుగా 10 నుంచి 12 ఏళ్లు. 14 దాకా బతికేవీ ఉన్నాయి. ఆ కాలం తక్కువని వెనకాడాల్సిన పని లేదు. పెద్ద కుక్క చెప్పులు కొరకదు, కనబడిన చోటల్లా తడపదు, పగలు చాలాసేపు పడుకునే ఉంటుంది. పిల్లను తెచ్చుకుంటే పెద్దయ్యాక దాని గుణం ఎలా ఉంటుందో చెప్పలేం. సీజర్ ఎలాంటిదో నువ్వు చూసే ఉన్నావు.

నన్ను ఆలోచనలో పడేసిన సంగతి వేరే ఉంది. నువ్వు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోతావు, చీకటి పడ్డాక ఇల్లు చేరతావు. ఆ మధ్యలో సీజర్‌కు నీళ్లు పెట్టేది, బయట తిప్పేది, కక్కితే కడిగేది ఎవరు? మీ అమ్మే కదా. నీ ఉత్తరం నిండా సీజర్ కళ్ల గురించీ తోక గురించీ ఉంది, మీ అమ్మ ఊసు ఒక్క చోటా లేదు. జాలి నీది, చాకిరీ ఆమెది అయితే అది నాకు ధర్మంగా తోచదు తల్లీ. వదిన మోకాళ్ల నొప్పుల మనిషి. దాదాపు ముప్పై కిలోల జీవం ఒక రోజు లేవలేకపోతే ఆమె ఎత్తగలదా? కాబట్టి ముందు ఆమెను అడుగు. "అమ్మా, తెస్తున్నా" అని చెప్పేసి అడిగానని అనుకోకు. ఆమె వద్దన్నా నువ్వు ముఖం ముడుచుకోవని ఆమెకు నమ్మకం కలిగేలా అడుగు. పొద్దునా సాయంత్రమూ తిప్పడానికి వీధిలో ఎవరినైనా కుదుర్చుకో, ఆ జీతం నువ్వే ఇవ్వు. ఆదివారాలు పూర్తిగా నీవే.

పోయిన నెల పుంగనూరు వెళ్లినప్పుడు దాన్ని దగ్గర నుంచి చూశాను. లేవడానికి ముందుకాళ్లు ఊనుకుని కాస్త ఆగింది, ఆ తర్వాత నడుము ఈడ్చుకుంటూ నిలబడింది. నిలబడ్డాక కూడా వెనక తొడలు సన్నగా వణుకుతూనే ఉన్నాయి. కీళ్లు అరిగినట్టున్నాయి. మీ ఇంటి నిండా నునుపు తేలిన కుప్పం పచ్చ గ్రానైట్. దాని మీద ఆ కాళ్లు నిలవవు. అది తిరిగే దారి పొడుగునా గోనెపట్టాలో రబ్బరు చాపలో పరవాలి. మన మూడు ఊళ్లూ ఎత్తు మీద ఉన్నవే, ధనుర్మాసం చలికి దాని కీళ్లు పట్టేస్తాయి. వరండాలో కట్టేస్తే కుదరదు, పడక లోపలే.

కళ్లు నీలంగా మారాయి, గుడ్డిదవుతుందేమో అన్నావు. వయసు మీరిన కుక్కల్లో కంటి కటకం గట్టిపడి అలా కనిపించడం మామూలే, చూపు పెద్దగా పోదు. శుక్లమైతే పోవచ్చు. తేడా పశువుల డాక్టరు చూసి చెబుతారు. మాట ఇవ్వకముందే చూపించు. రక్తం, మూత్రం పరీక్ష చేయిస్తే మూత్రపిండాల సంగతీ, పిడుదుల జ్వరం సంగతీ తెలుస్తాయి. పళ్లు, గుండె కూడా చూడమను. పెద్ద జబ్బేదైనా బయటపడితే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి రావచ్చు. ఆ ఖర్చుకు నెలనెలా కొంత పక్కన పెట్టగలవా అన్నది నీ జీతం చూసుకుని నువ్వే తేల్చుకోవాలి. ఇంకొకటి, వదిన వేసుకునే నొప్పి మాత్రలు దానికి ఎప్పుడూ వేయకండి. ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కల కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. సంగటి పెట్టొచ్చు కానీ ఎర్రగడ్డ వేసిన పులుసు కలపకూడదు. ఉడికిన కోడి ఎముకలు అసలే వద్దు.

మహాప్రస్థానంలో ధర్మరాజు కుక్క కోసం వెతుక్కుంటూ పోలేదు. అదే ఆయన వెంట నడిచింది. అంత దూరం నమ్మి వచ్చినదాన్ని, స్వర్గం ఇస్తానన్నా వదలనన్నాడు. నేను ఆ కథను నీ విషయంలో ఇలా అర్థం చేసుకుంటాను: ఈ రోజు నువ్వు కాదంటే పాపమేమీ లేదు, అది ఇంకా నీ వెంట నడవలేదు. ఒకసారి మీ గడప దాటి లోపలికి వచ్చిందా, వేరే ఊరికి బదిలీ అయినా, పెళ్లి కుదిరినా దాన్ని వదలడానికి లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా, ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం నేరమంటుంది.

చివరి రోజులను ముందే తలుచుకోమంటున్నందుకు కోప్పడకు. బాధ తగ్గే దారి లేదని డాక్టరు చెప్పి, ఇంజక్షన్‌తో ప్రశాంతంగా సాగనంపుదామంటే ఆ నిర్ణయం వదిన మీద వేయకూడదు. నువ్వు సెలవు పెట్టి దాని తల దగ్గర కూర్చోవాలి. అది చేయగలనని అనిపిస్తే, వదిన మనస్ఫూర్తిగా సరేనంటే, తెచ్చుకో. నా మాట తెచ్చుకోమనే. పేరు మాత్రం మార్చకు. దాని పాత పడక గుడ్డ ఉతక్కుండా అలాగే వెంట తీసుకురా, తెలిసిన వాసన ఉంటే కొత్త చోట తొందరగా కుదురుకుంటుంది.

కుదరదనుకుంటే ఆ మాట ఈ వారమే ఆయనకు చెప్పు. చూద్దాం అంటూ నాన్చితే ఇల్లు ఖాళీ చేసే రోజు దగ్గరపడుతుంది, ఇంకొకరిని వెతుక్కోవడానికి ఆయనకు వ్యవధి ఉండదు. నాకు చెబితే మదనపల్లెలో నేనూ నాలుగిళ్లలో అడుగుతాను.

ఇట్లు
మీ అత్త