అవ్వకు చదివి వినిపించిన మాటలు

కోయంబత్తూరు పీలమేడులో ఒక కుర్రవాడు ఉండేవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. వారమంతా పంపుసెట్ల కంపెనీలో లెక్కలు చూసుకుని, ఆదివారం రాగానే కెమెరా మెడలో వేసుకుని బయలుదేరేవాడు. ఆ ప్రాంతపు తెలుగువాళ్లకు యంత్రాలంటే ప్రేమ తాతల నాటిది. 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టిన నేల అది. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు మోటార్లను ఎంత ప్రేమించాడో కెమెరాలనూ అంతే ప్రేమించాడు. 1936లో లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా ఫిల్ము తీశాడు. అలాంటి సంగతులు వింటూ పెరిగినవాడికి తన ఫోటోలూ సముద్రాలు దాటాలని కోరిక పుట్టడంలో వింత లేదు.

దారి కూడా దొరికింది. స్టాక్ ఫోటో ఏజెన్సీలని ఉంటాయి. మనం తీసిన ఫోటోలు వాళ్ల భండారంలో చేరిస్తే, ఏ దేశంలోనో పత్రికవాళ్లో ప్రకటనల కంపెనీవాళ్లో వెతుక్కుని వాడుకునే హక్కు కొనుక్కుంటారు. అలా కొన్నప్పుడల్లా తీసినవాడికి కొంత వాటా ముడుతుంది. కుర్రవాడు మదురై వెళ్లి మేనమామ ఇంట్లో దిగాడు. తిరుమల నాయకుని మహల్ స్తంభాలు తీశాడు, పూల అంగళ్లు తీశాడు, మామ ఇంటి సందులో అరుగు మీద కూర్చుని మల్లెలు కడుతున్న ఒక అవ్వను తీశాడు. ఆ రాత్రే అన్నీ పంపేశాడు. వారం తిరిగేలోగా అన్నీ వెనక్కి వచ్చాయి. ఒక్కోదాని పక్కన ఒక్కో ముక్క కారణం: నాయిస్, ఫోకస్, ట్రేడ్‌మార్కు, రిలీజు లేదు, ఒకే రకం ఫోటోలు ఎక్కువ.

మేనమామ మహల్ దగ్గర చాలా ఏళ్లు స్టూడియో నడిపినవాడు. ఎర్రదీపం గదిలో ప్రింట్లు కడిగినవాడు, పెళ్లికూతుళ్ల నెగటివుల మీద మచ్చలను సన్నటి పెన్సిలుతో దిద్దినవాడు. అల్లుడు లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

“వాండ్లకు మన ఊరి ఫోటోలు నచ్చలేదు మామా.”

“అది తర్వాత. ముందు నువ్వు వీటిని చూసినావా అల్లుడా?”

“చూడకుండా పంపుతానా?”

“తెర మీద ఇంత బొమ్మగా చూసినావు. కొనేవాడు గోడంత చేసుకుంటాడు. నూటికి నూరు శాతం పెద్దది చేసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా చూడు.”

చూశాడు. మహల్ లోపల వెలుతురు చాలక ఐఎస్‌ఓ 6400 పెట్టి తీసినదాంట్లో నీడల నిండా రంగురంగుల రేణువులు. ఆకాశం ఉన్న ప్రతి ఫోటోలోనూ ఒకే చోట మసక చుక్క. సెన్సరు మీద దుమ్ము. స్తంభాల అంచుల వెంట లెన్సు మిగిల్చిన ఊదారంగు గీత. షార్ప్‌నెస్ మరీ పెంచడంతో గోడల చుట్టూ లేని వెలుగు. ఒక శిల్పం ఫోటో కత్తిరించగా నాలుగు మెగాపిక్సెళ్లు కూడా మిగలకపోతే, దాన్ని సాఫ్ట్‌వేరుతో పెంచి పంపాడు. అవ్వ వెనక గోడ మీద సిమెంటు కంపెనీ పేరు, అవ్వ పక్కన బిస్కెట్ల డబ్బా మీద ఇంకో కంపెనీ బొమ్మ. అదే అవ్వవి ఎనిమిది ఫోటోలు, తల కాస్త ఇటు, కాస్త అటు.

మామ తొందరపడలేదు. జెపెగ్‌ను దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది గనక కెమెరా ఇచ్చిన రా ఫైలు దగ్గరికే వెళ్లి మొదటినుంచి చెయ్యమన్నాడు. మహల్‌లో అనుమతి అడిగి, స్టాండు వేసి, ఐఎస్‌ఓ తగ్గించి మళ్లీ తీయించాడు. వాలిపోయినట్టున్న స్తంభాలను నిలబెట్టించాడు. ఎక్కువ తెరల మీద రంగు చెదరకుండా ఉండేందుకు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలోకి మార్పించాడు. ఎనిమిదింట్లో ఒక్కటి ఉంచి ఏడు పక్కన పెట్టించాడు. కుర్రవాడికి అన్నిటికన్నా కష్టమైంది ఆ ఏడు వదులుకోవడం.

ఒక చోట మాత్రం మామ చెయ్యి పట్టుకుని ఆపాడు. మహల్ పై ఆకాశం వెలవెలబోయిందని కుర్రవాడు వేరే రోజు తీసిన మేఘాలను తెచ్చి అతికించబోయాడు.

“1858లో లినేయస్ ట్రైప్ అనే దొర ఈ మహల్‌ను తీసినాడు. మైనం పట్టించిన కాగితం నెగటివులు. వాటిలో ఆకాశం పాలిపోయి వచ్చేది. ఆయన నెగటివు మీదనే రంగు పూసి మేఘాలు కల్పించినాడు. చూడ్డానికి బాగానే ఉంటాయి. ఆ రోజు మదుర మీద మేఘం ఉండిందా లేదా అని ఇప్పుడు ఎవరిని అడిగేది? దుమ్ము చుక్క తుడిచెయ్యి, అది నీ కెమెరాది. మేఘం ఊరిది.”

ఇక మిగిలింది అవ్వ ఫోటో. మొత్తంలో అదే బాగా వచ్చింది. పొద్దుటి వెలుతురు వేళ్ల మీద పడుతోంది, ప్రతి మొగ్గా విడిగా కనిపిస్తోంది. గోడ మీది పేరు, డబ్బా మీది బొమ్మ తీసేశాక అభ్యంతరం ఒక్కటే: అవ్వ సమ్మతి పత్రం, అదే మోడల్ రిలీజు, కావాలి.

“మామా, ఎడిటోరియల్ కింద పంపితే సంతకం అక్కర్లేదంట కదా? వార్తలకూ వ్యాసాలకూ మాత్రమే వాడతారు.”

“ఆమాం. అట్లైతే నువ్వు తుడిచిన గోడ పేరు మళ్లీ గోడ మీద పెట్టాలి, ఎక్కడ ఎప్పుడు ఏం జరుగుతా ఉండిందో ఉన్నదున్నట్టు రాయాలి. సంతకం అక్కర్లేదు గానీ, నిజం అక్కర్లేదని ఎవరు చెప్పినారు? ఏం రాసినావో చూపించు.”

కుర్రవాడు కీవర్డుల జాబితా, అంటే కొనేవాళ్లు ఫోటోను వెతుక్కునే మాటల జాబితా, తెరిచాడు. యాభై మాటలు, ఇంగ్లీషులో. ఎక్కువగా అమ్ముడయ్యే ఫోటోలకు ఏ మాటలు ఉన్నాయో చూసి, అవన్నీ ఏరి పెట్టుకున్నాడు. మామ ఒకటికి రెండుసార్లు చదివాడు. “సంతకం కాగితంతో పాటు దీన్ని కూడా తీసుకుపో. అవ్వకు తెలుగులో చదివి వినిపించు” అన్నాడు.

అవ్వ అరుగు మీదనే ఉంది. కుర్రవాడు పక్కన కూర్చుని మొదలుపెట్టాడు.

“పూలు అమ్మే ఆమె.”

“ఎవరికి అమ్మితిని? మనవరాలి సీమంతానికి కడతా ఉంటి.”

“దారం.”

“కండ్లు కనిపించలేదా? అది అరటి నార.”

“పల్లె.”

“మదురలో పుట్టి, మదురలోనే మెట్టినదాన్ని.”

“ఒంటరి.”

“ఆ పొద్దు ఇల్లంతా చుట్టాలే గదరా. నీకు కాఫీ తెచ్చిచ్చింది నా రెండో కోడలు.”

“దిగులు.”

“ముడి సరిగ్గా పడిందా లేదా అని చూసుకుంటా ఉంటి. పని చేసేటప్పుడు పండ్లు బయటపెట్టి నవ్వుతారా ఎవరైనా?”

తర్వాతి మాట దగ్గర కుర్రవాడి గొంతు ఆగింది. అవ్వ చదవమంది. “బీద” అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. ఒళ్లో పూలు పక్కకు పెట్టి, తను కూర్చున్న అరుగునూ, గడపనూ ఒకసారి చూసింది. కుర్రవాడు ఆ మాట కొట్టేశాడు.

“ముసలి.”

“అది నిజమే. ఉండనీ.”

“తమిళ స్త్రీ.”

“ఇప్పుడు నువ్వూ నేనూ మాట్లాడతా ఉండేది ఏంది?”

“తెలుగు.”

“అది రాసినావా?”

యాభైలో అది లేదు. ఇంట్లో పుట్టినప్పటినుంచి మాట్లాడుతున్న భాష పేరు, దాన్నే మాట్లాడే అవ్వ ఫోటోకు రాయాలని అతనికి తోచలేదు. ఎవరూ వెతకరని అనుకుని కూడా కాదు, అసలు గుర్తుకే రాలేదు.

అప్పుడు అవ్వ అడిగింది: “ఈ బొమ్మ యాడ వస్తుంది?”

“ఎక్కడైనా రావచ్చు అవ్వా. ఎవరు కొంటారో నాకూ తెలియదు. ఒకరు కొన్నాక వాండ్ల దగ్గరినుంచి వెనక్కి తీసుకోలేను.”

అవ్వ ఆ రోజు సంతకం పెట్టలేదు. కోడళ్లతో మాట్లాడి చెప్తానంది. మర్నాడు పిలిపించి తమిళంలో పేరు రాసి సంతకం చేసింది. రెండో కోడలు సాక్షి సంతకం పెట్టింది. మాటలు యాభై నుంచి పద్దెనిమిదికి దిగాయి. వాటిలో కొన్ని: మదురై, మల్లె, అరటి నార, సుంగుడి చీర, అరుగు, సీమంతం, తెలుగు. ఏజెన్సీ ఈసారి తీసుకుంది.

నీతి

ఎవరి బొమ్మ అమ్ముతున్నామో వాళ్ల ముందు చదవలేని మాట ఆ బొమ్మకు తగిలించకూడదు.

ఇది మర్యాద కోసం చెప్పే మాటగా తీసుకోకండి, పని జరిగే తీరే ఇది. స్టాక్ భండారంలో కోట్ల ఫోటోలు ఉంటాయి. కొనేవాళ్లు మాటలు టైపు చేసి వెతుకుతారు. షటర్‌స్టాక్ ఒక ఫోటోకు 50 కీవర్డుల దాకా, అడోబీ స్టాక్ 49 దాకా రాయనిస్తాయి; అడోబీలో మొదటి పదింటికి బలం ఎక్కువ. ఆ మాటలు ఫైలులోనే చేరి ఫోటోతో పాటు తిరుగుతాయి. మదురై సందు చూడనివాడికి, అవ్వ గొంతు విననివాడికి ఆ మాటలే ఆధారం. “బీద” అని వెతికినవాడికి సీమంతం పూలు కడుతున్న ఇల్లాలు దొరికితే, ఆమెను ఏ విరాళాల ప్రకటనలో పెడతాడో తీసినవాడి చేతిలో ఉండదు. ఫోటోగ్రాఫరు తన ఇష్టంగా చేయగలిగింది పంపే ముందే.

పైగా ఇప్పుడు చదివేది మనుషులే కాదు. 2023లో అడోబీ తెచ్చిన ఫైర్‌ఫ్లై అనే బొమ్మలు గీసే యంత్రానికి శిక్షణ ఇచ్చింది ప్రధానంగా అడోబీ స్టాక్ ఫోటోలతో. ఏ మాటకు ఏ రూపమో ఇలాంటి యంత్రాలు నేర్చుకునేది బొమ్మకు జతపరిచిన మాటల నుంచే. మల్లెలు కట్టే ప్రతి అవ్వకూ దిగులు, ఒంటరితనం అంటగడితే రేపు యంత్రం గీసే దక్షిణాది అవ్వ ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పొరపాటున ఒక్కరు రాసిన మాట కొట్టేయవచ్చు. అమ్ముడవుతుందని వేలమంది రాసిన మాటను కొట్టేయడానికి ఏ అవ్వ దగ్గరికి పోవాలి?

ఈ నేలకు ఇది కొత్త అనుభవం కాదు. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఎనిమిది సంపుటాలు వేసింది. 468 ఫోటోలు, ఒక్కోదాని వెంట ఆ కులం ఎలాంటిదో, గుణం ఏమిటో తీర్పులు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు వెలువరించాడు. మదురై సీమలో ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకర్ల గురించి కూడా తొట్టియన్ అనే పేరు కింద అందులో ఉంది. ఆ పుస్తకాల్లో బొమ్మలైన మనుషులకు తమ గురించి రాసిన ఇంగ్లీషు ఎవరూ చదివి వినిపించినట్టు కనిపించదు. వందేళ్లకు పైగా పరిశోధకులు ఆ రాతలనే తిప్పి తిప్పి ఉదహరించారు. పీలమేడు కుర్రవాడు బయటివాడు కాదు, అవ్వ భాష వాడిదే. అయినా బజారు మాటలు ఏరుకున్నంతసేపు వాడు ఆమెను థర్‌స్టన్ కన్నా దగ్గరగా చూడలేదు. అందుకే నాకు ఆ మామ చేసిన పని పెద్దదిగా కనిపిస్తుంది: ఆయన అల్లుడికి నీతులు చెప్పలేదు, జాబితా పట్టుకుని అరుగు దాకా నడిపించాడు.

కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్లలో ఈ పని చేసేవాళ్లు కొన్ని సంగతులు చూసుకోవాలి. ఈ ఇళ్లలో చాలామంది మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. ఇంగ్లీషు పత్రం చేతికిచ్చి సంతకం అడిగితే వాళ్లు ఒప్పుకున్నది మన మీద నమ్మకానికి, పత్రంలో ఉన్నదానికి కాదు. కాబట్టి తమిళంలో నకలు పెట్టుకుని, తెలుగులో విడమరిచి చెప్పాలి: ప్రకటనలకూ వాడవచ్చు, ఏ దేశంలోనైనా రావచ్చు, అమ్ముడైనది వెనక్కి రాదు. పిల్లల ఫోటో అయితే తల్లో తండ్రో సంతకం చెయ్యాలి. సాక్షిగా ఆ ఇంటి మనిషే ఉంటే మంచిది. ఆలోచించుకోవడానికి ఒక రోజు అడిగితే ఇవ్వాలి, వద్దంటే ఫోటో ఎంత బాగా వచ్చినా పక్కన పెట్టాలి. సంతకమైన పత్రం నకలు ఒకటి ఆ ఇంట్లోనే ఉంచి, ఫోటో ఏ ఏజెన్సీకి వెళ్లిందో, ఏ మాటలతో వెళ్లిందో దాని మీద రాసి ఇవ్వాలి.