గురిగిలో బోనం

“పాపకు ముందు కథ చెప్పాలి అత్తమ్మా. ఎందుకు చేస్తున్నామో తెలియకుండా తల మీద గురిగి పెడితే అది పండుగ ఎట్లా అవుతుంది? మన మాట వినడం మాత్రమే అవుతుంది.”

లష్కర్ బోనాలకు ఇంకా వారం ఉంది. మా పాపకు నాలుగేళ్లు. అత్తమ్మ మోండా మార్కెట్లో కొన్న చిన్న గురిగికి సున్నం పూస్తున్నది.

“ఏం కథ చెప్తవు?”

చెప్పాను. 1813లో ఇక్కడ సికింద్రాబాద్‌లో గత్తర, అంటే కలరా, వచ్చి జనం పోతుంటే, పటాలంలో డోలీ మోసే సురటి అప్పయ్య ఉజ్జయినిలో ఉన్నాడు. తన ఊరు బతికితే అమ్మవారిని తెచ్చి నిలుపుతానని అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడు. 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి గురించి తరతరాలుగా చెప్పుకునేది ఇదే.

“మంచిగున్నది. గని అండ్ల సావున్నది. నాలుగేండ్ల పిల్లకు సావు నుంచి మొదలువెడ్తవా?”

“దాచి, పండుగ ఒక్కటే చూపిస్తే అబద్ధం కాదా?”

“దాచుమంటలేను, ఆగుమంటున్న. ముందు చెయ్యనియ్యి. పసుపు రాయనియ్యి, కుంకుమబొట్లు పెట్టనియ్యి, వేపమండలు కట్టనియ్యి. చేసిన పిల్లనే అడుగుతది. అడిగిననాడు చెప్పు.”

అందరు పిల్లలూ అడగరు కదా అన్నాను. బోనాలంటే మైకులూ తొక్కిసలాటా తప్ప ఇంకేమీ గుర్తులేకుండా పెరిగినవాళ్లు ఈ బస్తీల్లోనే ఉన్నారు.

“వాండ్లను చూడనిచ్చిండ్రు బిడ్డా, చెయ్యనియ్యలే.”

ఈ మాట దగ్గర నా వాదం చాలావరకు ఆగిపోయింది. మనం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరేగింపు చూపిస్తాం, ఫోటో తీస్తాం, ఇంటికొస్తాం. పండుగ వాళ్ల ముందు నుంచి పోతుంది గానీ వాళ్ల చేతుల్లోకి రాదు.

అయినా ఒక సంగతి వదల్లేదు. “పోతరాజు? ఒళ్లంతా పసుపు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడా. పాప ఏడుస్తుంది.”

“ఏడిస్తే వెనకకు తీసుకరా. బలవంతం వద్దు. నువ్వు ఎత్తుకొని, దూరం నుంచే, అమ్మవారి తమ్ముడని చెప్పు. ఒకపారి భయపడ్డా తప్పు గాదు. అమ్మవారు సుత ఉత్త నవ్వుమొగం తల్లి గాదు.”

ఆదివారం గుడి దగ్గర గంటలకొద్దీ వరుసలో పసిపిల్లను నిలబెట్టడం నాకు అసలు ఇష్టం లేదు. ఆ మాటా చెప్పాను. అత్తమ్మ వెంటనే ఒప్పుకున్నది. ముందు రోజుల్లో అమ్మవారి ఘటం బస్తీలు తిరుగుతుంది, అప్పుడు సాక పోసి మొక్కుదామన్నది. పసివాళ్లకు అంతకంటే మంచి దర్శనం లేదని నా నమ్మకం. దేవతే వాకిలి దాకా వస్తుంది.

“మీకు ఈ పండుగ ఎప్పుడు అర్థమైంది అత్తమ్మా?”

చేతిలో పని ఆపింది. “కరోనా యేడు. 2020ల ఎవరిండ్లల్ల వాండ్లే బోనం చేసుకోండ్రన్నరు గదా. దూరమున్న పిల్లల సంగతి ఏమైతదోనని దీపం ముట్టించిన. ఆనాడు అప్పయ్య సమజైండు.”

“అంతకుముందు యాభై ఏళ్లు చేసిందంతా అర్థం లేకుండానేనా?”

“సంతోషమైతుండె. అందుకే చేసిన. చెయ్యకపోతే ఆనాడు నాకేం సమజయ్యేది?”

అర్థం తెలిశాకే సంతోషం రావాలని నేను పట్టుబట్టాను. ఆమె బతుకులో సంతోషమే అర్థాన్ని యాభై ఏళ్లు మోసుకొచ్చింది. దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ కథలో సగం ఇప్పుడే చెబుతానన్నాను: దూరాన ఉన్న ఒకాయన తనవాళ్ల కోసం బెంగపడి, అమ్మవారిని అడిగాడని. బెంగ నాలుగేళ్ల పిల్లకు తెలియనిది కాదు, నేను ఆఫీసుకు పోతుంటే రోజూ పడేదే.

“గంత చెప్పు, సాలు. దీపం మాత్రం దాని నెత్తి మీద వద్దు, నువ్వు పట్టుకో. బోనం వండే పాలు, బియ్యం నేను చూస్త. బెల్లం దానితోనే ఎయ్యిపియ్యి.”

“నోట్లో వేసుకుంటుంది అత్తమ్మా. నైవేద్యం ఎంగిలవుతుంది.”

“ముందుగాల ఒక ముక్క చేతిల పెట్టు. తినుకుంట ఏస్తది.”